నీళ్ల గిన్నెలో అప్పం: సత్ప్రసాద అద్భుతాలను క్రైస్తవులే ఎందుకు అనుమానిస్తారు

పూజలో పంచే అప్పం, అంటే సత్ప్రసాదం, పొరపాటున కింద పడితే ఏం చేయాలన్నదానికి కేథలిక్ గుడుల్లో పాత పద్ధతి ఒకటుంది. దాన్ని ఊడ్చేయరు, చెత్తలో వేయరు. జాగ్రత్తగా తీసి, చిన్న గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి, మందసంలోనో పూజ సామాన్ల గదిలోని బీరువాలోనో పెట్టి తాళం వేస్తారు. కొన్నాళ్లకు అప్పం కరిగిపోతుంది. ఆ నీళ్లను మట్టిలో పోస్తారు, అంతే. ప్రపంచంలో ఎన్ని గిన్నెల్లో ఎన్ని అప్పాలు ఇలా చడీచప్పుడు లేకుండా కరిగిపోతున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. కరగకుండా ఎర్రబడిన గిన్నె మాత్రం వార్త అవుతుంది.

2025 మొదట్లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మోరిస్ అనే చిన్న ఊళ్లో అలాంటి గిన్నె ఒకటి వార్తకెక్కింది. పునీత అంతోనివారి గుడిలో కింద పడిన అప్పాన్ని నీళ్లలో వేస్తే దాని మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఫొటోలు ఫోన్ల నుంచి ఫోన్లకు పాకాయి. ఆ ప్రాంతపు కేథలిక్ గుడులను చూసే ఇండియానాపొలిస్ అతిమేత్రాసనం (ఆర్చ్‌డయాసిస్) దాన్ని ల్యాబ్‌కు పంపింది. మార్చిలో ఫలితం చెప్పేసింది: మనుషుల ఒంటి మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియా ఉంది, మనిషి రక్తం జాడ లేదు. అంతకు పదేళ్ల ముందు, 2015లో, యూటా రాష్ట్రంలోని కీర్న్స్‌లోనూ ఇదే కథ. అక్కడ తేలింది రొట్టెకు పట్టే ఎర్ర బూజు.

ఈ రెండు చోట్లా "ఇది అద్భుతం కాదు" అని తేల్చింది హేతువాద సంఘం అనుకుంటే పొరపాటు. ఆ మాట చెప్పింది చర్చే. ఈ గొడవ అంటే ఒకవైపు భక్తులు, మరోవైపు నాస్తికులు అన్నట్టు మనకు చూపిస్తుంటారు. కానీ ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర తిరగేస్తే, పదునైన అనుమానాలు చాలావరకు పీఠం దగ్గర నిలబడ్డవాళ్ల నుంచే వచ్చాయి. ఎందుకంటే, అప్పం మాంసంగా కనిపించడమన్నది సైన్సుకు ఎంత ఇబ్బందో, సత్ప్రసాదం గురించిన సిద్ధాంతానికీ దాదాపు అంతే ఇబ్బంది.

గాజు, ఉంగరం, అప్పం

యేసు చివరి రాత్రి భోజనంలో రొట్టె విరిచి "ఇది నా శరీరము" అన్నాడు. ఈ మూడు మాటల అర్థం మీద క్రైస్తవంలో ఎన్ని చీలికలొచ్చాయో చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. కేథలిక్కుల లెక్క ప్రకారం, పూజలో గురువు (ఫాదరు) ఆ మాటలు పలికాక అది ఇక రొట్టె కాదు. యేసు శరీరమే. 1215లో నాలుగో లాటరన్ సభ ఈ మార్పుకు ఒక పారిభాషిక పదం వాడింది, 1551లో ట్రెంట్ సభ దాన్ని ఖాయం చేసింది.

ఆ మార్పు ఎలాంటిదో అర్థం కావాలంటే మనకు తెలిసిన ఉదాహరణను తిరగేసి చూడాలి. బంగారు గాజు కరిగించి ఉంగరం చేయిస్తే రూపం మారుతుంది, బంగారం మారదు. సత్ప్రసాదంలో జరిగేది అచ్చంగా దీనికి ఎదురు. రంగు, రుచి, బరువు, వాసన అన్నీ గోధుమ అప్పానివే ఉంటాయి, అసలు వస్తువు మాత్రం మారిపోతుంది. గీటురాయి మీద గీసినా తేడా తెలియదు, మైక్రోస్కోపు కింద పెట్టినా పిండి పదార్థమే కనిపిస్తుంది. ఈ సంగతి నాస్తికుడు కనిపెట్టి చెప్పక్కర్లేదు. పదమూడో శతాబ్దంలోనే కేథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ చెప్పాడు. చూపు, స్పర్శ, రుచి ఇక్కడ మోసపోతాయి, విన్నమాట ఒక్కటే నమ్మదగింది అని పాట కూడా కట్టాడు.

మరి అప్పం మాంసంలా కనిపిస్తే? అక్వినాస్ ఈ ప్రశ్ననూ వదల్లేదు. ఆయన పెద్ద గ్రంథం మూడో భాగంలో, డెబ్బై ఆరో ప్రశ్న కింద, ఎనిమిదో అంశం ఇదే. ఆయన జవాబు వింటే చాలామంది భక్తులు ఉలిక్కిపడతారు. అలా కనిపించేది క్రీస్తు అసలు రూపం కాదు, ఆయన సొంత రూపంతో పరలోకంలోనే ఉన్నాడు. ఇక్కడ కనబడేది, సత్యాన్ని గుర్తుచేయడానికి దేవుడు కలిగించిన ఆకారం, రంగు మాత్రమే అంటాడు. అంటే అద్భుతం జరగదని ఆయన అనలేదు. జరిగినా, గిన్నెలోని ఎర్ర ముక్క యేసు గుండె ముక్క అని చెప్పుకోవడం కుదరదన్నాడు.

నీళ్ల గిన్నె పద్ధతి వెనకున్న తర్కమూ ఇక్కడిదే. రొట్టె లక్షణాలు ఉన్నంతసేపే అందులో క్రీస్తు సాన్నిధ్యం ఉంటుంది. కరిగి రొట్టె రూపం పోయాక అవి వట్టి నీళ్లు. ఈ లెక్కన, రొట్టె లక్షణం ఒక్కటీ మిగలకుండా పూర్తిగా మాంసమైపోయిన అప్పంలో ఆ సాన్నిధ్యం ఉందా, లేదా? వేదాంతులు ఈ ముడి మీద ఇప్పటికీ జుట్లు పీక్కుంటూనే ఉన్నారు.

ఒకే వీధిలో రెండు బల్లలు

మా అమ్మవాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్కులు, నాన్నవాళ్లు లూథరన్. గుంటూరు, ఫిరంగిపురం వైపు ఇలాంటి సంబంధాలు కొత్తేమీ కాదు. అమ్మమ్మ ఇంట్లో "దివ్యసత్ప్రసాదం", నాయనమ్మ ఇంట్లో "ప్రభువు బల్ల". చిన్నప్పుడు రెండూ ఒకటే అనుకున్నాను. ఒంగోలు వైపు బాప్టిస్టు చుట్టం ఒకాయన మాత్రం "అది జ్ఞాపకార్థం తీసుకునేది, అంతే" అని తేల్చేసేవాడు. ఆయన చూపించే వాక్యం "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై దీనిని చేయుడి". అమ్మమ్మ దానికి యోహాను ఆరో అధ్యాయం తీసేది: "నా శరీరము నిజమైన ఆహారము". ఇద్దరి చేతిలోనూ ఉన్నది బైబిలే.

ఈ తగవు 1529లో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో జరిగినదానికి మన ఊరి నకలు. ఒకవైపు ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడు లూథర్, ఇంకోవైపు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మరో సంస్కర్త జ్వింగ్లీ. "ఇది నా శరీరము" అంటే "ఇది నా శరీరానికి గుర్తు" అని జ్వింగ్లీ వాదన. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో లాటిన్‌లో ఆ వాక్యం రాసిపెట్టుకుని, "ఉంది అంటే ఉందనే" అని భీష్మించుకు కూర్చున్నాడు. మిగతా అన్నిటి మీదా దాదాపు రాజీ కుదిరింది, దీని మీద కుదరలేదు. కాబట్టి సిద్ధాంతం ప్రకారం చూస్తే గుంటూరు లూథరన్లు ఒంగోలు బాప్టిస్టుల కన్నా ఫిరంగిపురం కేథలిక్కులకే దగ్గర. రొట్టె రొట్టెగానే ఉంటుంది, దాంతోపాటే క్రీస్తు శరీరం కూడా నిజంగా ఉంటుందని లూథర్ మాట. ఇది గుళ్లో ప్రసంగాల్లో పెద్దగా వినిపించదు, వాట్సాప్ వాదనల్లో అసలే వినిపించదు.

జ్వింగ్లీ దారిలో నడిచేవాళ్లకు అప్పం ఎర్రబడిందంటే అనుమానించడానికి రెండో ఆలోచన అక్కర్లేదు. గుర్తుకు రక్తం ఎందుకు కారుతుంది? లూథరన్లు, ఆంగ్లికన్లు మాత్రం ఇరుకున పడతారు. సాన్నిధ్యం నిజమే అంటారు, అది గాజుపెట్టెలో పెట్టి చూపించేది కాదంటారు.

విల్స్‌నాక్‌లో వెండి చేయి

మధ్యయుగాల కథల్లో అందరూ చెప్పేది బొల్సేనా. 1263లో బొహీమియా నుంచి రోముకు వెళ్తున్న ఒక గురువుకు ఈ నమ్మకం మీదే సందేహం. ఇటలీలోని బొల్సేనాలో పూజ చేస్తుండగా అప్పం నుంచి రక్తం కారి పీఠం మీది గుడ్డ తడిసిందని కథ. ఆ గుడ్డ ఇప్పటికీ ఒర్వియేతో గుడిలో ఉంది. రఫాయేల్ 1512లో వాటికన్ గోడ మీద ఆ దృశ్యాన్ని చిత్రించాడు. బొల్సేనా ఘటన మరుసటేడు, 1264లో, పోప్ నాలుగో అర్బన్ సత్ప్రసాద మహోత్సవాన్ని చర్చి అంతటికీ పండుగగా ప్రకటించాడు. మన విచారణల్లో (పారిష్‌ల్లో) మేళతాళాలతో సాగే సత్ప్రసాద ప్రదక్షిణకు మూలం అదే. అయితే ఒక చిన్న చిక్కుంది. పండుగను ప్రకటిస్తూ అర్బన్ ఇచ్చిన శాసనంలో బొల్సేనా ప్రస్తావనే లేదు. పక్క ఊళ్లో, నిన్నగాక మొన్న జరిగిన అద్భుతమే కారణమైతే ఒక్క ముక్కయినా రాయడా అని చరిత్రకారులు అడుగుతారు.

నాకు మాత్రం బొల్సేనా కన్నా ఉత్తర జర్మనీలోని విల్స్‌నాక్ ఆసక్తిగా అనిపిస్తుంది. 1383లో ఒక జమీందారు ఆ ఊరిని తగలబెట్టాడు. కాలిన గుడి శిథిలాల్లో మూడు అప్పాలు చెక్కుచెదరకుండా, ఒక్కోదాని మీద రక్తపు చుక్కతో దొరికాయని ఊరి గురువు చెప్పాడు. కొన్నేళ్లలోనే అది యూరప్‌లోని పెద్ద పుణ్యక్షేత్రాల్లో ఒకటైంది. వేలకు వేలు జనం, దండిగా కానుకలు, కొండంత కొత్త గుడి.

ప్రాగ్ అతిమేత్రాణి (ఆర్చ్‌బిషప్) దీన్ని తేల్చమని పండితుల బృందాన్ని వేశాడు. అందులో యాన్ హుస్ ఒకడు. ఆ హుస్‌నే తర్వాత 1415లో వేరే నేరం మోపి సజీవంగా తగలబెట్టారు. స్వస్థత పొందామన్నవాళ్లను పిలిచి విచారిస్తే మాటలు నిలబడలేదని హుస్ రాశాడు. ఆయన చెప్పిన ఒక సంగతి కళ్లకు కట్టినట్టుంటుంది. ప్రాగ్‌కు చెందిన ఒకతనికి చేయి చచ్చుబడింది. విల్స్‌నాక్‌కు వెళ్లి మొక్కుగా వెండి చేయి సమర్పించాడు. చేయి బాగుపడలేదు. దాంతో గుళ్లో ఏం చెబుతారో చూద్దామని అక్కడే ఉండిపోయాడు. గురువు పీఠమెక్కి వెండి చేయి పైకెత్తి, చూడండి, ప్రాగ్‌వాసి చేయి బాగైంది, ఇదిగో సాక్ష్యం అన్నాడు. జనంలోంచి ఇతను లేచి తన ఎండిన చేయి పైకెత్తాడు. అబద్ధమెందుకు చెబుతావు, నా చేయి ఇదిగో, ఎలా ఉందో అలాగే ఉంది అన్నాడు.

మొక్కుబడి వస్తువులు వేలాడే ఏ పుణ్యక్షేత్రం చూసినా నాకు ఆ చేయి గుర్తొస్తుంది. నయమైనవాళ్ల వెండి అవయవాలు కనిపిస్తాయి, నయంకానివాళ్లవీ అక్కడే ఉంటాయి, చూస్తే తేడా తెలియదు.

తర్వాత మాగ్డెబుర్గ్‌కు చెందిన వేదాంతి హైన్రిహ్ టోకే స్వయంగా వెళ్లి చూసి, వాటి మీద ఎరుపన్నదే లేదన్నాడు. అప్పటికి అప్పాలు పాడైపోయి రొట్టె రూపం పోయే దశలో ఉన్నాయి. రొట్టె రూపం పోతే సాన్నిధ్యం పోతుంది, అప్పుడు జనం మొక్కేది వట్టి పొడికి, అంటే విగ్రహారాధన. దీనికి పోప్ నాలుగో యూజీనియస్ కాలంలో ఒక ఉపాయం కనిపెట్టారు. పాతవాటి పక్కన కొత్తగా ఆశీర్వదించిన అప్పం ఒకటి పెట్టండి, దండం దానికి చెందుతుంది! అద్భుతానికి పూచీకత్తుగా మామూలు అప్పాన్ని నిలబెట్టారన్నమాట.

1451లో పోప్ రాయబారిగా జర్మనీకి వచ్చిన కార్డినల్ నికోలస్ ఆఫ్ క్యూసా రక్తపు అప్పాల ప్రదర్శనను నిషేధించాడు. ఆయన చెప్పిన కారణం రసాయన శాస్త్రం కాదు. మహిమ పొందిన క్రీస్తు శరీరంలోని రక్తం కంటికి కనిపించేది కాదని మన విశ్వాసమే చెబుతుంటే, ఎర్రటి మచ్చ చూపించి రక్తమంటే ఎలా అన్నాడు. డబ్బు యావ ఉందని కూడా ముఖం మీదే అన్నాడు. రెండేళ్లలో పోప్ ఐదో నికోలస్ విల్స్‌నాక్‌కు మళ్లీ అనుమతిచ్చేశాడు. జనం ఆగలేదు, కానుకలూ ఆగలేదు. చివరికి 1552లో ఒక ప్రొటెస్టెంట్ బోధకుడు వాటిని పొయ్యిలో వేసి కాల్చేశాడు.

ఈ చరిత్రలో చీకటి పుట ఇంకోటి ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. అప్పం రక్తం కార్చిందన్న కథకు చాలాచోట్ల "యూదులు దాన్ని దొంగిలించి పొడిచారు" అన్న నింద తోకలా అంటుకుంది. 1338లో బవేరియాలోని డెగెండార్ఫ్‌లో యూదులను ఊచకోత కోశారు. అప్పాన్ని అపవిత్రం చేశారన్న కథ ఆ తర్వాత పుట్టింది, హత్యకు సాకుగా. ఆ కథ మీద నడిచిన తీర్థయాత్రను రెగెన్స్‌బుర్గ్ మేత్రాసనం ఎత్తేసింది ఎప్పుడనుకున్నారు, 1992లో. 1492లో స్టెర్న్‌బెర్గ్‌లో ఇలాంటి నిందతోనే 27 మంది యూదులను కాల్చి చంపారు. అందుకే యూరప్‌లో ఈ అద్భుతాల మాటెత్తితే కొందరు కేథలిక్ పండితులే ముఖం చిట్లిస్తారు.

ఎర్రబడ్డ సంకటి

1819 వేసవిలో ఇటలీలో పాదువా దగ్గర లెన్యారో అనే పల్లెలో ఒక రైతు ఇంట్లో మొక్కజొన్న సంకటి నెత్తుటి రంగుకు తిరిగింది. పారేసి మళ్లీ వండితే మళ్లీ అదే. ఇంటికేదో శాపం తగిలిందని ఊరంతా హడలిపోయింది. బార్తొలొమేయో బిజియో అనే యువ ఫార్మసిస్టు ఆ సంకటి కొంచెం తీసి, తేమగా ఉన్నచోట వేరే సంకటి మీద అంటించి చూశాడు. అదీ ఎర్రబడింది. శాపం అంటుకుంటుందేమో గానీ, వరుసగా చెప్పినచోటల్లా, చెప్పిన టైముకు అంటుకోదు కదా. ఏదో సూక్ష్మజీవి అని తేల్చి దానికి సెరాషియా మార్సెసెన్స్ అని పేరు పెట్టాడు. మొదటి మాట సెరాఫినో సెరాటి అనే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త పేరు మీద వచ్చింది. స్టీమర్ కనిపెట్టిన ఘనత ఆయనదేనని, అది వేరేవాళ్లకు పోయిందని బిజియోకు బాధ. రెండో మాటకు వాడిపోయేది అని అర్థం. ఆ ఎరుపు తొందరగా వెలిసిపోతుంది మరి.

పిండి పదార్థం, తేమ, కాస్త వెచ్చదనం ఉంటే చాలు, ఇది చక్కగా పెరుగుతుంది. ముట్టుకుంటే జిగటగా, చూస్తే రక్తంలా ఉంటుంది. 1994లో జొహానా కల్లెన్ అనే మైక్రోబయాలజిస్టు దీన్ని పూజ అప్పాల మీదే పెంచి చూపించింది. బొల్సేనా గుడ్డ మీద ఉన్నది ఇదేనని దాంతో రుజువు కాలేదు. ఏడు వందల ఏళ్ల నాటి మరకను కోసి పరీక్షిస్తే తప్ప అది తేలదు. కానీ ఇక మీదట ఎవరైనా గిన్నెలో ఎరుపు చూస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఏదో తెలిసింది. ఇండియానాలో, యూటాలో చర్చి అడిగింది ఆ ప్రశ్నే.

బూజుతో తేలని కేసులు

అయితే అన్నిటినీ బూజు ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటే అదీ న్యాయం కాదు. కొన్నిచోట్ల డాక్టర్లు "ఇది గుండె కండరం" అన్నారు.

అందరికన్నా పేరున్నది ఇటలీలోని లాంచానో. ఎనిమిదో శతాబ్దంలో సందేహపడ్డ ఒక సన్యాసి చేతిలో అప్పం మాంసంగా, ద్రాక్షారసం ఐదు రక్తపు గడ్డలుగా మారాయని చెబుతారు. 1970–71లో అరెట్సో ఆసుపత్రి ల్యాబ్ అధిపతి ఒదోఆర్దో లినోలి పరీక్షించి, మనిషి గుండె కండరమనీ, మనిషి రక్తమనీ, గ్రూపు ఏబీ అనీ ఒక వైద్య పత్రికలో ప్రచురించాడు. మనకు వాట్సాప్‌లో వచ్చేది ఈ లాంచానో కథే. దాంతోపాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ వందల పరీక్షలు చేసి ధ్రువీకరించిందన్న తోక కూడా వస్తుంది. ఆ తోక నిలబడలేదు. అద్భుతాన్ని నమ్మే వైద్యులే వెతికి, అలాంటి నివేదిక లేదన్న చోటికి వచ్చారు. లినోలి పరీక్ష వేరు, అది నిజంగా జరిగింది.

కానీ లినోలి ఏం తేల్చాడో, ఏం తేల్చలేదో విడదీసి చూడాలి. పెట్టెలో ఉన్నది మనిషి కణజాలం అన్నాడు. సరే. అది ఒకప్పుడు అప్పం అని ఏ మైక్రోస్కోపూ చెప్పలేదు. ఎనిమిదో శతాబ్దానికీ, దొరుకుతున్న తొలి లిఖిత సాక్ష్యానికీ మధ్య ఎనిమిది వందల ఏళ్ల ఖాళీ ఉంది. మరో చిత్రం: 1574లో తనిఖీ చేసినప్పుడు ఐదు గడ్డల్లో ఏ ఒక్కటి తూచినా ఐదూ కలిపిన బరువే వచ్చిందని రాతిమీద చెక్కించారు. తర్వాతి తూకాల్లో అలాంటిదేమీ లేదు. ఒక్కోదానికి ఒక్కో బరువు, అన్నీ కలిపితే దాదాపు పదహారు గ్రాములు. రాతి మీద చెక్కినంత మాత్రాన తూకం మారదు.

ఆధునిక కేసులు మూడు తీసుకోండి. 1996 ఆగస్టులో బ్యూనస్ ఎయిర్స్: గుడిలో ఎవరో వదిలేసిన అప్పాన్ని నీళ్లలో పెడితే ఎర్రబడింది. అప్పట్లో అక్కడ సహాయ మేత్రాణి బెర్గోలియో, అంటే తర్వాతి పోప్ ఫ్రాన్సిస్, ఫొటోలు తీయించాడు. ఏళ్ల తర్వాత న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఫోరెన్సిక్ డాక్టరు ఫ్రెడరిక్ జుగిబే అది గుండె కండరమన్నాడు. 2008 అక్టోబరులో పోలండ్‌లోని సొకూల్కా: కింద పడ్డ అప్పం, నీళ్ల గిన్నె, వారం తర్వాత ఎరుపు. ఇద్దరు పాథాలజిస్టులు గుండె కండరమన్నారు. వాళ్లు పనిచేసే విశ్వవిద్యాలయంలోనే, పరీక్ష అధికారిక పద్ధతిలో జరగలేదని అభ్యంతరాలు లేచాయి. 2013 క్రిస్మస్ రోజున పోలండ్‌లోనే లెగ్నిత్సా: మళ్లీ కింద పడ్డ అప్పం, మళ్లీ నీళ్ల గిన్నె. 2016లో అక్కడి మేత్రాణి ప్రకటన చాలా ఆచితూచి ఉంటుంది. చారల కండరం ముక్కలున్నాయి, అవి అన్నిటికన్నా గుండె కండరాన్ని ఎక్కువగా పోలి ఉన్నాయి, మనిషి మూలమని జన్యు పరీక్ష సూచిస్తోంది అని. "పోలి ఉన్నాయి" అన్న మాట ఫార్వర్డుల్లో ఎగిరిపోయి "యేసు గుండె" అయి కూర్చుంది.

మూడింటికీ నీళ్ల గిన్నె ఉమ్మడి. భక్తుడు ఇందులో, అగౌరవానికి గురైన అప్పం ద్వారా దేవుడు మాట్లాడాడని చూస్తాడు. మైక్రోబయాలజిస్టు, నానిన పిండి మీద ఏదైనా పెరగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని చూస్తాడు. నన్నడిగితే రెండో చూపును ముందు తీర్చుకోవాలి. అది పెద్ద పనేమీ కాదు. అదే గిన్నె నీళ్లలో, అదే డబ్బాలోని ఆశీర్వదించని అప్పాలు రెండు పక్కన పెట్టాలి. మొదటి రోజు నుంచి తాళం ఎవరి దగ్గరుందో రాసి ఉంచాలి. నమూనా ఎక్కడిదో చెప్పకుండా రెండు మూడు ల్యాబులకు పంపాలి. జన్యు పరీక్ష పూర్తి వివరాలు బయటపెట్టాలి, ముట్టుకున్నవాళ్ల జన్యు నమూనాలతో పోల్చాలి. అప్పాన్ని ఎన్ని చేతులు తాకుతాయో ఆలోచించండి. మనిషి డీఎన్‌ఏ దొరకడం వింత కాదు, దొరక్కపోతే వింత. పేరున్న కేసుల్లో ఏదీ ఈ జాబితా మొత్తానికి నిలబడలేదు.

ఇక ఏబీ గ్రూపు. "అన్నిచోట్లా ఏబీయే, అది చాలా అరుదు, కాబట్టి ఒకే మనిషి రక్తం" అన్న వాదన వినగానే బలంగా తోస్తుంది. కానీ పాత నమూనాల్లో ఏబీ అని రావడానికి అడ్డదారులున్నాయి. బ్లడ్ గ్రూపును రెండువైపుల నుంచి తేలుస్తారు: కణాల మీద ఏ, బీ గుర్తులు ఉన్నాయా, ప్లాస్మాలో వాటికి వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్నాయా అని. ఏబీ వాళ్లకు ఆ యాంటీబాడీలు ఉండవు. పాతబడిన రక్తంలోనూ అవి చెడిపోయి కనిపించవు. పైగా ఏ, బీ లాంటి గుర్తులు చాలా బ్యాక్టీరియా మీద కూడా ఉంటాయి. కాబట్టి మురికి పట్టిన పాత నమూనా ఏదైనా ఏబీ వైపు మొగ్గవచ్చు. అబద్ధమాడకుండానే టెస్టు తప్పుదారి పట్టించగలదు.

ముఖం కనిపించిన అప్పం

మన దగ్గర్లో జరిగింది ఇంకో రకం. కేరళలో కన్నూర్ జిల్లా విళక్కన్నూర్‌లో 2013 నవంబరు 15న, పూజలో గురువు అప్పాన్ని పైకెత్తినప్పుడు దాని మీద మచ్చ కనిపించి, పెద్దదై, యేసు ముఖంలా తోచింది. రక్తం లేదు, మాంసం లేదు. థలస్సేరి అతిమేత్రాసనం దాన్ని స్వాధీనం చేసుకుని పరిశీలన మొదలుపెట్టింది. వాటికన్ గుర్తింపు వచ్చిందన్న ప్రకటన 2025 మేలో వెలువడింది. దాదాపు పన్నెండేళ్లు. ఫార్వర్డుకు పన్నెండు సెకన్లు.

ముఖం కేసుల్లో ల్యాబుకు పెద్ద పనుండదు. మచ్చ ఎలా వచ్చిందో చెప్పగలరేమో గానీ, అది ఎవరి ముఖమో చెప్పేది చూసే కన్ను. మబ్బుల్లో, గోడ పెచ్చుల్లో ముఖాలు వెతికే అలవాటు మన మెదడుకు పుట్టుకతో వచ్చింది. పైగా యేసు ఎలా ఉంటాడో మనకు తెలిసింది బొమ్మల ద్వారానే.

2024 మే 17న వాటికన్ ఇలాంటి వింతల మీద కొత్త నియమాలు తెచ్చింది. ఇప్పుడు ఆరు రకాల తీర్పులు. అన్నిటికన్నా అనుకూలమైనది "అభ్యంతరం లేదు" అన్నది. అంటే భక్తికి అడ్డులేదని అర్థం, ఇది దైవకార్యమని హామీ ఇచ్చినట్టు కాదు. గుర్తింపు వచ్చిన అద్భుతాన్ని సైతం నమ్మి తీరాలన్న నిర్బంధం కేథలిక్కు మీద లేదు. ఇవన్నీ విశ్వాసానికి తోడు, విశ్వాసంలో భాగం కాదు. లాంచానోను నమ్మనివాడు మంచి కేథలిక్కే. సత్ప్రసాదాన్ని నమ్మనివాడి సంగతే వేరు.

మరి చర్చి వీటిని ఎందుకు పక్కన పెట్టేయదు? 2019లో ప్యూ రీసెర్చ్ సంస్థ సర్వేలో అమెరికా కేథలిక్కుల్లో 31 శాతమే రొట్టె నిజంగా శరీరమవుతుందన్నారు. 69 శాతం అది గుర్తు మాత్రమే అన్నారు. అంటే మూడింట రెండు వంతుల మంది తెలియకుండానే జ్వింగ్లీ బల్ల దగ్గర కూర్చున్నారు. ఇలాంటప్పుడు కంటికి కనిపించేదేదైనా ఉంటే బాగుండుననిపించడం సహజం. ఇటలీ కుర్రాడు కార్లో అకుతిస్ చేసిందదే. సత్ప్రసాద అద్భుతాలన్నిటినీ సేకరించి వెబ్‌సైటు, ప్రదర్శన తయారుచేశాడు. 2006లో పదిహేనేళ్ల వయసులో రక్త క్యాన్సర్‌తో పోయాడు. 2025 సెప్టెంబరు 7న పోప్ పద్నాలుగో లియో అతన్ని పునీతుడిగా ప్రకటించాడు. ఆ ప్రదర్శన పలకలు ఇప్పుడు దేశదేశాల గుడుల్లో తిరుగుతున్నాయి. పిల్లాడి భక్తిలో నాకు కల్మషం కనిపించదు. ఆ పలకల్లో బొల్సేనా, లాంచానో, సొకూల్కా ఒకే వరసలో, ఒకే గొంతుతో నిలబడటం మాత్రం ఇబ్బందే. ఒకటి పురాణానికి దగ్గర, ఒకటి మ్యూజియం నమూనా, ఒకటి ఇంకా తేలని కేసు.

అమ్మమ్మకు ఒకసారి లాంచానో వీడియో చూపించాను. ఆసాంతం చూసి, "మనం రోజూ తీసుకునేది అదే కదా, మళ్లీ ఈ పెట్టె ఎందుకు?" అంది. ఆమె అక్వినాస్ పేరు విన్నది కాదు.

ఆర్థడాక్స్ చర్చి ఈ విషయంలో ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. రష్యన్ పూజా గ్రంథం చివర గురువులకు సూచనలుంటాయి, పాత్ర ఒలికితే ఏం చేయాలి, పురుగు పడితే ఏం చేయాలి అన్నట్టు. వాటిలో ఇదీ ఒకటి. ఆశీర్వదించాక రొట్టె మాంసంగానో, శిశువుగానో, ద్రాక్షారసం రక్తంగానో కనిపించి, మళ్లీ మామూలు రూపానికి రాకపోతే గురువు దాన్ని తీసుకోకూడదు. అది క్రీస్తు శరీర రక్తాలు కాదు, అవిశ్వాసం వల్లనో మరో కారణం వల్లనో దేవుడు చూపిన వింత మాత్రమే. రొట్టె రూపానికి తిరిగొస్తే తీసుకోవచ్చు. రాకపోతే దాన్ని పక్కన పెట్టి, ఇంకో రొట్టె తెచ్చుకుని పూజ కొనసాగించాలి.